స్తంభానికి పొట్ట

గ్రీకు దేశంలో హెలికోసా అనే చిన్న రాజ్యం. దాని రాజు లైకాంతస్‌కి ఓనాడు ఉన్నట్టుండి ఓ కోరిక పుట్టింది.

"చుట్టుపక్కల ఏ రాజుకీ లేనంత అందమైన గుడి నాకు కావాలి!"

ఆ పని తిమాండ్రస్‌కి అప్పజెప్పాడు. అతను శిల్పి, కట్టడం కట్టించడంలోనూ దిట్ట. ఐదేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని పాలరాతి గుడి నిలబెట్టాడు. చూసినవాళ్ళందరూ నోరెళ్ళబెట్టారు.

ఒక్క గ్లాఫిరస్ తప్ప. ఈ మహానుభావుడు ఆస్థానంలో కళాపరీక్షకుడు. జన్మలో ఉలి పట్టిన పాపాన పోలేదు గానీ, పక్కవాడి పనికి వంక పెట్టమంటే చాలు, నిద్రలోంచి లేచొస్తాడు! "నా కంటిని మించిన కొలత లేదు" అని ఊరంతా డప్పు కొట్టుకునేవాడు.

ఆయనగారు ఓ స్తంభానికి పైనుంచి కిందదాకా తాడు బిగించి లాగించాడు. మధ్యలో రాయి ఉబ్బుగా ఉంది, తాడు అక్కడ వంగింది. ఇంకేం, పరుగున రాజు దగ్గరికి పోయాడు.

"ఘోరం ప్రభూ! స్తంభాలన్నిటికీ పొట్టలున్నాయి! వాడి కుడిచెయ్యి నరికించండి!"

రాజుకి ఒళ్ళు మండింది. తిమాండ్రస్‌ని పిలిపించి, చెయ్యి నరికిస్తానన్నాడు. ఆ చెయ్యి పోతే అతని బతుకు పోయినట్టే.

"ప్రభూ, నెల రోజులు గడువివ్వండి. ముందు వరసలో ఒక స్తంభం మార్చి చూపిస్తాను. మీ ఇద్దరికీ నచ్చకపోతే చెయ్యి తీసేయించండి."

నెల తిరిగింది. రాజు, సభ మొత్తం గుడి ముందుకొచ్చారు. గ్లాఫిరస్ కొత్త స్తంభాన్ని ఎగాదిగా చూసి మూతి తిప్పాడు.

"హవ్వ! దీని నడుం చూశారా ప్రభూ, ఎలా పీక్కుపోయిందో! పక్కనున్న పాతవే నయం, నిటారుగా ఉన్నాయి."

రాజూ కళ్ళు చిట్లించి చూశాడు. "నిజమే. ఇదే వంకరగా ఉంది."

"మరి ఇంకా ఆలస్యం దేనికి? నరికించండి!"

"తమ తాడు ఒక్కసారి వేసి చూడండయ్యా," అన్నాడు తిమాండ్రస్.

వేశారు. తాడు పైనుంచి కిందదాకా రాయిని అంటిపెట్టుకునే ఉంది. వెంట్రుక దూరే సందు లేదు! గ్లాఫిరస్ మొహం మాడిపోయింది. మళ్ళీ వేయించాడు, ఇంకోసారి వేయించాడు. రాయి అబద్ధమాడితేగా!

"ఇదేం వింత?" అన్నాడు రాజు.

"ఎత్తైన స్తంభం తిన్నగా ఉంటే, చూసేవాళ్ళకి నడుం సన్నబడినట్టు కనిపిస్తుంది ప్రభూ. అందుకే మధ్యలో కాస్త ఉబ్బు పెడతాం. అప్పుడే అది నిటారుగా కనిపిస్తుంది."

"అయినా సరే, తాడు లెక్క ప్రకారం..." అని నసిగాడు గ్లాఫిరస్.

తిమాండ్రస్ అతనికేసి తిరిగాడు.

"అయ్యా, రేపు ఈ గుడికి జనం కళ్ళేసుకుని వస్తారా, తాళ్ళేసుకుని వస్తారా?"

రాజు పగలబడి నవ్వాడు. సభంతా గొల్లుమంది. ఆ గోలలో గ్లాఫిరస్ ఎటు జారుకున్నాడో ఎవరూ పట్టించుకోలేదు. రాజు తన బంగారు కడియం తీసి, తిమాండ్రస్ కుడిచేతికి స్వయంగా తొడిగాడు.