ఎండ తగిలిన రీలు

కుంకుడుకోన అడవిలో ఉడుతలు, ముళ్లపందులు, కుందేళ్లు, కొండముచ్చులు కలిసిమెలిసి బతికేవి. వాటి పిల్లలన్నీ ఒకే బడికి వెళ్లేవి. ఏటి ఒడ్డున రేలచెట్టు నీడలో ఆ బడి నడిచేది. పాఠాలు చెప్పేది కొమురమ్మ అనే ముసలి ఏనుగు.

ఒక వేసవిలో ఆ ఏటికి విహారానికి వచ్చిన మనుషులు తమ సంచి ఒకటి మరిచిపోయి వెళ్లారు. అందులో రెండు పాత రీలు కెమెరాలు ఉన్నాయి. వాటి కోసం ఎవరూ తిరిగి రాలేదు. కొమురమ్మ ఒకదాన్ని మొగిలి అనే ఉడుత పిల్లవాడికి, రెండోదాన్ని సాలి అనే ముళ్లపంది పిల్లకి ఇచ్చింది.

"బడి వదిలాక వీటితో సరదా తీర్చుకోండి. పగలగొట్టకండి," అంది.

రీళ్లను పాలపిట్ట పట్నం నుంచి తెచ్చేది. ఒక్కో రీలుకి గంపెడు పళ్లో పప్పులో ఇవ్వాల్సి వచ్చేది. తీసిన రీలును కొండగుహలో ఉండే నీలయ్య అనే గబ్బిలం కడిగి, బొమ్మలు చేసి ఇచ్చేవాడు. చిమ్మచీకట్లో చేయాల్సిన పని కాబట్టి అది ఆయనకే చేతనయ్యేది.

మొగిలి మొదటి బొమ్మ వాళ్లమ్మదే తీశాడు. గుహలో బొమ్మలు తేల్చేటప్పుడు మాత్రం వెలిగించే ఎర్రదీపం మసక వెలుగులో, నీలయ్య పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మందునీళ్లలో వేసిన తెల్లకాగితం మీద ముందు అమ్మ తోక, తరువాత మీసాలు, ఆ తరువాత కళ్లు మెల్లగా తేలాయి.

"తాతా! అమ్మ వచ్చేసింది!" అని మొగిలి గంతులు వేశాడు.

నీలయ్య నవ్వాడు. "వస్తుంది నాయనా, ఓపిక పట్టాలి. ఒక్క మాట గుర్తుంచుకో. రీలు నా చేతికి వచ్చేదాకా కెమెరా వెనక మూత తీయకు. ఎండ తగిలితే బొమ్మలన్నీ పోతాయి," అన్నాడు.

ఆ రోజు నుంచి మొగిలికి అదే లోకమైపోయింది. కొండముచ్చులు మెచ్చుకున్నాయి. కుందేళ్లు వెంట తిరిగాయి. మెల్లగా వాడికి గర్వం తలకెక్కింది. తుమ్మెద కనిపిస్తే చాలు, టకటకా నొక్కేసేవాడు. రీలు అయిపోతే తొర్రలోంచి గంపెడు సారపప్పు మోసుకుపోయి ఇంకో రీలు తెచ్చేవాడు. అది అమ్మ వానాకాలం కోసం దాచిన తిండి.

సాలి మాత్రం వేసవి అంతా ఒకే రీలుతో గడిపింది. ఒక బొమ్మ తీయడానికి పూటంతా కూర్చునేది.

"నీ రీలు ఎప్పటికి అయ్యేను? నువ్వు ముసలిదానివయ్యాకా?" అని మొగిలి వెక్కిరించాడు.

"నాకు తొందరేముంది? అలా చూస్తూ కూర్చోవడమే బాగుంది," అంది సాలి. "నీ తొర్రలో పప్పు ఇంకా ఉందా మొగిలీ?"

"నీకెందుకు ఆ సంగతి?" అని వాడు విసుక్కున్నాడు.

వానలకు ముందు ఏనుగుల గుంపు అవతలి కొండలకు తరలిపోవాలని అనుకుంది. కొమురమ్మ కూడా వెళ్లిపోతోంది. మళ్లీ ఇంత దూరం నడిచి రావడం ఆమె వల్ల కాదని అందరికీ తెలుసు.

"పంతులమ్మగారి బొమ్మ నేనే తీస్తాను. ఎవరూ అడ్డు రాకండి!" అని మొగిలి చాటాడు. మిగిలిన పప్పంతా ఊడ్చి చివరి రీలు కొన్నాడు.

వీడ్కోలు రోజున అందరినీ వరుసలో నిలబెట్టాడు. ఒకరిని జరగమన్నాడు, ఒకరిని కూర్చోమన్నాడు. పంతులమ్మ చెవి మడతపడిందని పరుగెత్తుకెళ్లి సరిచేశాడు. ఆ హడావుడి చూసి ఆమె నవ్వి, తొండంతో వాడి తల నిమిరింది. "నాయనా, చల్లగా ఉండు," అంది. మొగిలి ఆ మాట సరిగా విననైనా వినలేదు. తిరిగి పరుగెత్తి బొమ్మ మీద బొమ్మ తీశాడు.

ఏనుగులు కదిలి, కొండ మలుపులో కనుమరుగయ్యాయి. పిల్లలంతా మొగిలి చుట్టూ మూగారు.

"చూపించు! చూపించు!"

"నీలయ్య తాత కడగాలి కదా," అంది సాలి.

"ఆయన్ని అడగనిదే నాకేం తెలియదనుకున్నావా? ఇప్పుడే చూపిస్తా!" అంటూ మొగిలి మూత తీసేశాడు. నడినెత్తిన ఎండ. రీలు చుట్ట విప్పి పైకెత్తి చూపించాడు. దాని మీద ఏమీ కనబడలేదు.

రీలు చుట్టుకుని గుహకు పరుగెత్తాడు. నీలయ్య రీలు కడిగి చూశాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లగా ఉంది.

"ఒక్కటి కూడా మిగల్లేదు నాయనా," అన్నాడు మెల్లగా.

మొగిలి ఇంటికి వచ్చేసరికి వాన మొదలైంది. తొర్ర ఖాళీగా ఉంది. అమ్మ ఖాళీ పొట్టులో పప్పు పలుకుల కోసం వెతుకుతోంది. చెల్లెళ్లు ఆకలని ఏడుస్తుంటే చెవులు మూసుకుని మూలకు ముడుచుకున్నాడు. అమ్మ తిట్టినా బాగుండేదనిపించింది.

మూడో రోజు జోరువానలో చెట్టు కింద నుంచి పిలుపు వినిపించింది. సాలి తడిసి ముద్దై నిలబడి ఉంది. పక్కన గంపెడు దుంపలు.

"అమ్మ పంపింది. మా కలుగు చుట్టూ బోలెడన్ని ఉన్నాయి. వానలు వెలిసేదాకా రోజూ తెస్తాను," అంది. ఆపైన మోదుగాకులో చుట్టిన కాగితం ఒకటి అందించింది. "ఇదీ నీకే."

మొగిలి విప్పి చూశాడు. కొమురమ్మ తొండం వంచి ఒక ఉడుత తల నిమురుతోంది. ఆ ఉడుత తనే.

"నా రీలులో ఒక్క బొమ్మే మిగిలింది. ఆవిడ నీ తల నిమిరినప్పుడు నొక్కాను," అంది సాలి.

మొగిలికి అప్పుడు చెవిలో పడీ పడని పంతులమ్మ మాట ఇప్పుడు గుర్తొచ్చింది. కళ్లనీళ్లు కారిపోయాయి. "నేను నిన్ను ఎన్ని మాటలన్నాను సాలీ!" అన్నాడు.

"దుంపలు తడిసిపోతున్నాయి. ముందు పైకి చేర్చు," అంది సాలి.

వానలు వెలిశాక కొత్తగా వచ్చిన కొంగ మాస్టారు సాలి తీసిన బొమ్మలను బడి నిండా వేలాడదీయించారు. అడవిలో పెళ్లి జరిగినా, పిల్లలు పుట్టినా సాలికే పిలుపు వచ్చేది. మొగిలి ముందుగా అమ్మతో కలిసి తొర్ర నింపాడు. ఆ తరువాత తన వాటా తిండిలోంచి కొంచెం కొంచెంగా కూడబెట్టి ఒక్క రీలు కొన్నాడు. నేరుగా సాలి కలుగు దగ్గరకు వెళ్లాడు.

"సాలీ, బడి నిండా నీ బొమ్మలే. ఒక్కదాంట్లోనూ నువ్వు లేవు. ఇలా వచ్చి నిలబడు," అన్నాడు.

సాలి సిగ్గుపడుతూ వచ్చి ఎండలో నిలబడింది. మొగిలి చాలాసేపు ఆమెనే చూశాడు. అప్పుడు నొక్కాడు.

నీతి: సరదా ఎంత మంచిదైనా అది ఇంటి తిండిని తినేయకూడదు. ఓపికతో, ఉన్నంతలో తీర్చుకున్న సరదాయే చివరికి మిగులుతుంది.