పెద్దకొలువులో వంకాయకూర

పూర్వం పాలవెల్లి అని ఓ రాజ్యం ఉండేదట. దాన్ని ప్రతాపధవళుడనే రాజు ఏలుతుండేవాడు. రాజు చెడ్డవాడేమీ కాదు పాపం. కాకపోతే తన గొప్ప తాను చెప్పుకోవడం మొదలుపెట్టాడంటే పొద్దుగూకినా ఆపేవాడు కాదు. వేటలో గొప్ప, వీణలో గొప్ప, ఆఖరికి మీసం దువ్వడంలోనూ గొప్పే. అన్నిటినీ మించిన గొప్ప మాత్రం ఆయనగారి పెద్దకొలువు.

పెద్దకొలువంటే ఆ దేశంలోకెల్లా పై న్యాయస్థానం. ఊళ్లో ధర్మాధికారి చెప్పిన తీర్పు నచ్చనివాళ్లు రాజుగారికి మనవి చేసుకుంటే, ఆయన సింహాసనం మీద కూర్చుని, విని, ఆఖరి మాట చెప్పేవాడు. ఇక దాని మీద మాట లేదు.

అయితే ఆ కొలువులో ఒక వింత ఆనవాయితీ ఉండేది. రాజుగారి తాతగారి కాలంలో మనవికి వచ్చినవాళ్లు గుండెలు బాదుకుని ఏడ్చేవాళ్లట. ఆ పెద్దాయనకు ఏడుపులు గిట్టవు. అందుకని, మనవి చేసుకున్నవాళ్లు కొలువులో నోరు విప్పకూడదనీ, కింద తీర్పు చెప్పిన ధర్మాధికారే వచ్చి సంగతంతా వినిపించాలనీ కట్టడి చేశాడు. తాతగారు పోయారు, కట్టడి మిగిలింది. ఇంకేముంది! తాను చెప్పిన తీర్పు తప్పని తన నోటితో తానే చెప్పుకునే ధర్మాధికారి ఎక్కడైనా ఉంటాడా? వాళ్లు వినిపించడం, రాజుగారు తల ఊపి "కింది తీర్పు ఖాయం" అనడం, లేచి భోజనానికి వెళ్లడం. ఇదీ వరస. మా పెద్దకొలువులో ఇంతవరకూ ఒక్క తీర్పూ తిరగబడలేదు, మా ధర్మాధికారులు అంతటివాళ్లు అని పొరుగురాజుల దగ్గర మీసం మెలేసేవాడు.

ఆ రాజుగారి దగ్గర మాచన అని ఓ హాస్యగాడు ఉండేవాడు. అతనికి రెండు ఉద్యోగాలు. కొలువులో రాజుగారిని నవ్వించడం ఒకటి. భోజనాల వేళ రాజుగారికంటే ముందు ప్రతి వంటకం నాలుక మీద వేసుకుని, విషం లేదనీ రుచిగా ఉందనీ చెప్పడం రెండోది. రెండూ ప్రాణగండాలేనని వాళ్లావిడ గోలపెట్టేది. మాచన తిండిపుష్టి గలవాడు, ఆ మాట చెవిన పెట్టేవాడు కాదు.

ఒకనాడు పొద్దున్నే అతను పాకశాల పెరటివైపు వస్తుంటే గుమ్మం పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. ఎండకు కమిలిన ముఖం, తడి ఆరని చీరకుచ్చెళ్లు, చూడగానే ఏటిగట్టు మనిషని తెలుస్తోంది. పేరు నూకమ్మ అంది. రాజుగారికంటే ముందు తినే మనిషి ఒకడున్నాడని కాపలావాడు చెబితే, రాజుగారికంటే ముందు వినే మనిషి కూడా అతనే అవుతాడేమోనని వచ్చిందట.

ఆమె మొగుడు పోలయ్య నాగులేటి రేవులో పడవ నడిపేవాడు. ఏరు దాటితే పరాయి రాజ్యం. మొన్నటి వానల్లో ఏరు పొంగి పారుతున్న రోజున ధర్మాధికారి విరూపాక్షయ్య పరివారంతో సహా రేవుకు దిగాడు. అవతలి ఒడ్డున ఎవరింట్లోనో పెళ్లివిందు. తీయరా పడవ అన్నాడు. పోలయ్య ఏటివంక చూసి, ఈ వరదలో ఎక్కించుకోనయ్యా అన్నాడు. నలుగురి ముందూ కాదనిపించుకోవడం విరూపాక్షయ్యకు తలకొట్టేసినట్టయింది. తిరిగి వెళ్లి తన పీఠం మీద కూర్చుని, అధికారి ఆజ్ఞ ధిక్కరించినందుకు పోలయ్యకు దేశబహిష్కారం విధించాడు. అంటే కాదన్నది ఎవరినో, తీర్పు చెప్పింది కూడా ఆయనే. పెద్దకొలువుకు వస్తే అక్కడ సంగతి వినిపించిందీ ఆయనే. పోలయ్య పొగరుబట్టి ఎక్కించుకోనన్నాడని చెప్పాడు గానీ, వరద అన్న మాట ఆయన నోట రానే లేదు. రాజుగారు ఖాయం అనేశాడు. ఇవాళ పొద్దు వాలేలోగా పోలయ్యను ఏరు దాటించేస్తారు.

"నిన్న నేనక్కడే ఉన్నాను బాబయ్యా" అంది నూకమ్మ. "నా మొగుడి బతుకు గురించి మాట్లాడుకుంటుంటే స్తంభాల్లో స్తంభంలా నిలబడ్డాను. ఏటికి వరదొచ్చింది, ఆ ఒక్క ముక్క చెబుదామని నోరు తెరిస్తే భటుడు కర్ర అడ్డం పెట్టాడు."

నిన్న ఆ కొలువులో మాచన కూడా ఉన్నాడు. ఖాయం అన్న మాట వినపడగానే రాజుగారి ఆకలి మీద ఏదో ఛలోక్తి విసిరి అందరినీ నవ్వించాడు కూడా. ఆ సంగతి గుర్తొచ్చి అతనికి సిగ్గేసింది. ఆమెను అక్కడే ఉండమని చెప్పి తిన్నగా పాకశాలలోకి నడిచాడు.

రాజుగారితో సూటిగా చెప్పే వీలు లేదు. ఆఖరి మాటను తప్పుపట్టినవాడికి చెరసాలే గతి. చెరసాలలో కూర్చుంటే పోలయ్యకు ఒరిగేదేమీ లేదు. కాబట్టి అతను వంటపెద్ద అక్కుభట్టు చెవిలో ఏదో ఊదాడు.

అక్కుభట్టు మడికట్టుకుని వండే మనిషి. దేవుడికి నైవేద్యం కాకముందు వంటకం రుచి చూడడం ఆ పాకశాలలో మహాపాపం. ఉప్పైనా కారమైనా కంటితో చూసి వేయాల్సిందే. అలాంటివాడితో, ఇవాళ గుత్తివంకాయకూరలో ఉప్పు కాస్త చెయ్యిజారనివ్వు అన్నాడు మాచన. అక్కుభట్టు బెంబేలెత్తిపోయి, నా మెడకు చుట్టుకుంటుందయ్యా అన్నాడు. బాగుందని చెప్పేది తానే కాబట్టి, చుట్టుకుంటే తన మెడకే చుట్టుకుంటుందని మాచన నచ్చజెప్పాడు. గుమ్మం బయట కూర్చున్న నూకమ్మను ఒకసారి చూడమన్నాడు. అక్కుభట్టు తొంగిచూశాడు. ఆ పైన జాలి ఎక్కువైందో ఏమో గానీ, ఉప్పు మాత్రం బాగా ఎక్కువే పడింది.

ఇటు మాచన కొలువులో అడుగుపెట్టి, వస్తూనే పెద్దకొలువు పొగడ్త అందుకున్నాడు. ఇంత గొప్ప ఆనవాయితీ ముల్లోకాల్లో లేదన్నాడు. రాజుగారు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అప్పుడు మాచన దిగులుగా ముఖం పెట్టి, ఊళ్లవాళ్లకు ఇంత చక్కని ధర్మం ఉండి, కోట లోపల మాత్రం లేకపోవడం వెలితి కాదా ప్రభూ అన్నాడు. ఇక్కడ ఒక ఉద్యోగి తన పనిలో ఒకటి తేలిస్తే, నచ్చనివాడు నోటికొచ్చినట్టు అరుస్తున్నాడట. వాళ్లకూ ఇదే పద్ధతి పెడితే బాగుంటుందట. రాజుగారికి ఆ మాట తెగ నచ్చింది. వెంటనే చాటింపు వేయించమన్నాడు.

"అందరికీనా ప్రభూ?" అని మాచన అమాయకంగా అడిగాడు.

"అందరికీ! కోటలో ఊపిరి తీసే ప్రతి ప్రాణికీ! రాజాజ్ఞకు మినహాయింపులుంటాయటోయ్?" అన్నాడు రాజు. కొలువంతా చప్పట్లు కొట్టింది.

మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నారు. మంత్రి ఉన్నాడు, నిన్నటి మనవి కోసం వచ్చిన విరూపాక్షయ్యా విందుకు ఆగాడు. మాచన ఆనవాయితీ ప్రకారం ఒక్కొక్కటీ రుచి చూస్తూ వచ్చి, వంకాయకూర నోట్లో పెట్టుకున్నాడు. కళ్ల వెంట నీళ్లు చిమ్మాయి. కూర అంత బాగుంది ప్రభూ, ఆనందబాష్పాలు ఆగడం లేదు అంటూ గుటుక్కున మింగేశాడు.

రాజుగారు పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. మరుక్షణం ఆయన ముఖం చూడాలి మీరు! కళ్లు మిటకరించాడు, మీసాలు వేలాడేశాడు. "ఉప్పు! వట్టి ఉప్పు! ఎవడ్రా..." అంటూ ఇంకా ఏదో అనబోతుంటే మాచన రెండు చేతులూ జోడించి అడ్డుపడ్డాడు.

"ప్రభూ, తొందరపడకండి. రుచి తేల్చడం నా ఉద్యోగం. కూర బాగుందని నేను తీర్పు చెప్పేశాను. అది నచ్చక తమరి నాలుక మనవి చేసుకుంటోంది. వినవలసింది తమరు. మనవి చేసుకున్న నాలుక మాట్లాడకూడదు."

రాజుగారు మంత్రివంక చూశాడు. మంత్రి ఆకువంక చూసుకున్నాడు. పొద్దున వేసిన చాటింపు అయ్యే, ఇంతమంది ముందు వెనక్కి తీసుకుంటే పరువేం కావాలి? విరూపాక్షయ్య గొంతు సవరించుకుని, మాచన అన్నది ధర్మంగానే ఉంది, ఆనవాయితీ ఆనవాయితీయే ప్రభూ అన్నాడు. రాజుగారు పళ్లు బిగించి, వినిపించమన్నట్టు చెయ్యి ఊపాడు.

మాచన లేచి నిలబడి, అచ్చం నిన్న విరూపాక్షయ్య నిలబడినట్టే కండువా సర్దుకున్నాడు. కూర అమృతమనీ, నాలుక పొగరుబట్టి దాన్ని కాదంటోందనీ, ఇలాంటి నాలుకలను ఉపేక్షిస్తే రేపు పళ్లు కూడా ఎదురుతిరుగుతాయనీ రాగం తీసి వినిపించాడు. ఉప్పు అన్న మాట పొరపాటున కూడా రానివ్వలేదు. వినిపించి, తీర్పు సెలవిప్పించమన్నాడు. రాజుగారు ముక్కుతూ మూలుగుతూ "ఖాయం" అన్నాడు. ఖాయమైతే తినక తప్పదు కదా. రెండో ముద్ద పెట్టుకున్నాడు. మూడోది చేత్తో పట్టుకున్నాడు గానీ పైకెత్తలేకపోయాడు.

"ఆగరా! రుచి చూసిందీ నువ్వే, బాగుందని తేల్చిందీ నువ్వే, నా నోరు మూయించి నా బాధ నాకు వినిపించేదీ నువ్వేనా? ఇదెక్కడి న్యాయంరా?"

"తమ పెద్దకొలువులోదే ప్రభూ" అన్నాడు మాచన. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు. "నిన్న పడవవాడు పోలయ్య సంగతిలో జరిగింది ఇదే. తమరికి ఒక పూట భోజనం చెడింది. అతని భార్య నూకమ్మకు మనిషే దూరమైపోతున్నాడు. ఆమె పెరటిగుమ్మంలో కూర్చుని ఉంది. ఒక్క మాట చెబుతుందట."

రాజుగారికి కోపం వస్తే మాచన పని ఇంతే సంగతులు. రాజుగారు చేతిలోని ముద్దను చాలాసేపు చూశాడు. ఎంగిలిచేత్తోనే ఆమెను పిలిపించమన్నాడు.

నూకమ్మ వచ్చి నిలబడింది. అలవాటు చొప్పున నోరు మూసుకునే ఉంది. చెప్పమ్మా, ఎవరూ అడ్డురారు అని రాజుగారే అన్నాక, ఏటికి వరదొచ్చిన సంగతి చెప్పింది. వరద నిజమేనా అని రాజుగారు విరూపాక్షయ్యను అడిగాడు. ఆయన నీళ్లు నమిలి, కొద్దిగా పారుతున్నమాట నిజమే కానీ ఆజ్ఞ ఆజ్ఞే కదా అన్నాడు.

నూకమ్మ ఆయనవంక చూసి, రాజుగారివైపు తిరిగింది. "ఆ రోజు మా ఆయన ఈయన ఆజ్ఞ పాటించి ఉంటే, ఈ తీర్పు చెప్పడానికి ఈయన మిగిలేవాడు కాదు దొరా. కాదన్నాడు కాబట్టే ఈయన బతికి వెళ్లి శిక్ష వేశాడు."

రాజుగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ముంచుకొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు, పొలమారి మళ్లీ నవ్వాడు. నవ్వు తగ్గాక కింది తీర్పు కొట్టేశానన్నాడు. ఆ మాట ఆ కోటలో ఎవరూ అంతకుముందు వినలేదు, అందుకని ఏం చేయాలో తెలియక భటులు అలాగే నిలబడిపోయారు. పొద్దు వాలిపోతోంది మహాప్రభో అని మాచన అరిస్తే గానీ రౌతు గుర్రమెక్కలేదు. వెనకే నూకమ్మనూ మాచననూ బండి ఎక్కించారు.

వాళ్లు రేవు చేరేసరికి పడవ ఏటి మధ్యకు వెళ్లిపోయింది. ఆ రేవులో మరో పడవవాడు లేడు. అందుకని పోలయ్యను దేశం దాటించే భటులు పోలయ్యచేతే పడవ వేయించారు. ఏటికి వరద తగ్గడంతో, వాళ్లతోబాటు సంతకు పోయే నలుగురూ ఎక్కారు. గట్టు మీద నుంచి రౌతు రాజముద్ర ఊపుతూ, శిక్ష రద్దయింది, వెనక్కి తిరుగు అని గొంతు చించుకున్నాడు. పోలయ్య విన్నట్టు చెయ్యి ఎత్తాడు. కానీ పడవ తిప్పలేదు. అలాగే తెడ్డు వేసుకుంటూ అవతలికి పోయాడు. నూకమ్మ ప్రాణాలు ఉగ్గబట్టుకుని నీళ్ల అంచున నిలబడింది. పోలయ్య సంతవాళ్లను జాగ్రత్తగా అవతలి ఒడ్డున దింపి, మూటలు అందించి, అప్పుడు తిరిగొచ్చాడు.

పడవ ఇంకా ఒడ్డు తగలకముందే ఆమె మోకాలిలోతు నీళ్లలోకి దిగిపోయి, అంతలా పిలుస్తుంటే వినపడలేదా అని ఏడుస్తూ తిట్టింది.

"వినపడిందే. పడవలో జనం ఉన్నారుగా" అన్నాడు పోలయ్య.

మాచన ఆ సాయంత్రమే కొలువుకు వెళ్లి, చూసింది చూసినట్టు చెప్పాడు. రాజుగారు మళ్లీ నవ్వబోయి ఆగాడు. విరూపాక్షయ్యవైపు తిరిగి, "మీరూ నేనూ కూడా పడవలు నడిపేవాళ్లమేనండీ. మనం ఎప్పుడైనా వెనక్కి తిరిగి పడవలో ఎవరున్నారో చూశామా?" అని అడిగాడు.

"నేనైతే చూడలేదు" అని రాజుగారు తన మాటకు తానే హాయిగా నవ్వేశాడు. మనవికి వచ్చినవాళ్లే ముందు మాట్లాడాలని అప్పటికప్పుడు ఆజ్ఞ రాయించాడు. పోలయ్య ఇంటికి కొత్తబట్టలు పంపించాడు. ఆనక తన ముంజేతి కంకణం తీసి, సింహాసనం దిగివచ్చి, మాచన చేతికి తానే తొడిగాడు.