గట్టమ్మ తల్లి ఖాకీ కోటు

రాళ్ళదిమ్మ స్టేషను దాటాక, రైలుకట్ట పక్కన చిన్న గుడిలో గట్టమ్మ తల్లి కొలువై ఉంది. ఏడాది పొడుగునా ఎర్రకోక కట్టుకునే ఈ తల్లికి మార్గశిర మాసం మొదటి మంగళవారం పొద్దున మాత్రం ఖాకీ కోటు తొడుగుతారు. కొత్తగా వచ్చిన భక్తులు చూసి నవ్వుకోవడం కద్దు. నవ్వితే అమ్మకు కోపం రాదు. ఆ కోటు కథ తెలుసుకొని దణ్ణం పెట్టుకుంటే చాలు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఎర్రకోక చుట్టిన రాయి ఒక్కటే ఉండేది. బర్మా యుద్ధం నుంచి తిరిగివచ్చిన బోనెల అసిరయ్య ఈ దారిలో కీమ్యానుగా పనిచేసేవాడు. రోజూ సుత్తి భుజాన వేసుకొని పట్టాల వెంట నడుస్తూ, వదులైనచోట బిగించడం అతని పని. ఫిరంగి మోతలకు చెవులు మందగించినందువల్ల పట్టా మీద అరచెయ్యి ఆనించి రైలు రాకను పసిగట్టేవాడు.

పురిటికి పుట్టింటికి వెళ్ళిన భార్య పారమ్మ చంటిబిడ్డతో తిరిగివచ్చే రోజు దగ్గరపడింది. ఇల్లాలు వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండాలని అసిరయ్య ముందునాడు ఇంట్లో గుడ్డలన్నీ ఉతికాడు. ఆ ఊపులో పనిసంచిలోని ఎర్రజెండా కూడా ఉతికి దండెం మీద ఆరేశాడు. మరునాడు, మార్గశిరం మొదటి మంగళవారం పొద్దున, దాన్ని మరిచిపోయి పనికి వెళ్ళాడు.

సరిగ్గా అమ్మవారి రాయి ఎదుట, చలికి పట్టా విరిగి ఉంది. చెయ్యి ఆనించి చూస్తే పట్టా అదురుతోంది. వస్తున్నది పారమ్మ ఎక్కిన బండే. సంచిలో జెండా లేదు.

"తల్లీ, ఏరే దారి నేదు" అని దణ్ణం పెట్టి, అమ్మ ఒంటిమీది కోక తీశాడు. అమ్మను అలా వదిలి వెళ్ళడానికి మనసొప్పక తన మిలిటరీ కోటు విప్పి కప్పాడు. కోక ఊపుతూ బండికి ఎదురు పరుగెత్తాడు. విరిగిన పట్టాకు పది బారల దూరంలో బండి ఆగింది.

ప్రాణాలు దక్కినందుకు అందరూ సంతోషించారు గాని ఊరిపెద్ద రామినాయుడు మండిపడ్డాడు. "అమ్మ కోకిప్పినోడు ఊర్లో ఉండడానికి ఈల్లేదు. రేపు పొద్దుటికి పెళ్ళాం బిడ్డల్తో ఎల్లిపో" అన్నాడు.

పారమ్మ ముందుకొచ్చి, "తప్పు నాది బాబూ. నానింటికాడుంటే ఆ జెండా ఉతకనిద్దునా?" అంది. రామినాయుడు వినలేదు.

తెల్లవారుజామున రామినాయుడి కలలో అమ్మ కనిపించింది. ఒంటిమీద ఖాకీ కోటు ఉంది. "నాకు సలేస్తాదని కోటు కప్పినోడిని సలిలోకి తోలేస్తావేట్రా?" అని అడిగింది. ఆయన లేచి పరుగున వెళ్ళేసరికి అసిరయ్య నెత్తిన మూటతో, పారమ్మ చంకన బిడ్డతో గుమ్మం దిగుతున్నారు. పిలిస్తే అసిరయ్యకు వినిపించదని రామినాయుడు తానే ఆ మూట దించాడు.

పుట్టింటివారు పెట్టిన ఎర్రచీరను పారమ్మ ఆనాడే అమ్మకు కట్టింది. నేటికీ పురిటి నుంచి అత్తింటికి తిరిగివచ్చే కోడళ్ళు అమ్మకు ఎర్రకోక కట్టిగాని గడప తొక్కరు. పాతకోకను జెండాలుగా కుట్టి రైలుకట్ట మీద పనిచేసేవారికి ప్రసాదంగా ఇస్తారు. అమ్మను నమ్మి బయలుదేరినవారు క్షేమంగా ఇల్లు చేరతారని పెద్దల మాట. అయినా రాళ్ళదిమ్మ ఆడవాళ్ళు, మగవాడు పనికి బయలుదేరేముందు సంచి విప్పి, జెండా ఉందో లేదో చూసే పంపుతారు.