సగం బుడ్డ

సుభాషిణి గీసిన అక్షరాలు కంప్యూటర్లో చూస్తే ముచ్చటేసేవి. వెక్టర్ గీతలు మరి, గోడంత పెంచినా అంచు చెదరదు. వాటినే చుక్కల బొమ్మగా, అంటే బిట్‌మ్యాప్‌గా మార్చి బస్సు ముందుండే దీపాల బోర్డులో వెలిగిస్తే మాత్రం ‘ఆళ్లగడ్డ’ కింది ఒత్తులు పై అక్షరాలతో కలిసి ముద్దయిపోయాయి.

డిపో మేనేజరు పెదవి విరిచాడు. "రేపు పొద్దుటికి చదవడానికి వీలైతే సరే. లేకుంటే అన్ని బస్సులకూ ఇంగ్లీషే పెట్టేస్తాం."

ఆమె గురువు దస్తగిరి మాష్టారు. సినిమా బ్యానర్ల కాలం నుంచీ అక్షరాలు రాయడం నేర్పుతున్న మనిషి. మా కాలేజీ వార్షికోత్సవానికి గుడ్డ మీద రాసిందీ ఆయనే. ఆ రోజు వాన పడి ఏమైందో చెప్పాలంటే పొద్దుపోతుంది, వదిలేద్దాం.

"నా గీతలో తప్పు లేదు మాష్టారూ," అంది సుభాషిణి. "చుక్కలుగా మార్చేది సాఫ్ట్‌వేర్. దానికి చేతకాకుంటే నేనేం చేసేది?"

"అట్లయితే దాన్నే పంపించు, దానికే నేర్పిస్తా."

ఆమె మూతి ముడుచుకుంది. ఆయన బస్టాండులోని సిమెంటు బెంచీ మీద సుద్దముక్కతో గళ్లు గీశాడు. పొట్లం విప్పి వేయించిన బుడ్డలు ఆమె దోసిట్లో పోశాడు. మావైపు వేరుశెనగ గింజల్ని బుడ్డలనే అంటాం, ఎవరైనా పల్లీలంటే ఊరుకోం.

"వెలిగే దీపానికి ఒక బుడ్డ. ఆరిపోయినదానికి ఖాళీ. ‘డ్డ’ పేర్చు, తల్లీ."

చకచకా పేర్చింది. ఒత్తు వంపు దగ్గర చెయ్యి ఆగింది. గీత ఆ గడిలో సగమే ఆక్రమిస్తోంది. బుడ్డను రెండు బద్దలు చేసి ఒక బద్ద పెట్టింది.

మాష్టారు దాన్ని తీసి నోట్లో వేసుకున్నాడు.

"మాష్టారూ!"

"ఊఁ?"

ఆమె రెండో బద్ద పెట్టింది. అదీ తినేశాడు.

"ఉప్పు చాల్లేదు," అన్నాడు.

సుభాషిణి ఆ ఖాళీ గడి వైపు చూసింది. తర్వాత దాని పక్కనున్న నిండు బుడ్డను కూడా తనే తీసేసింది. అక్షరానికీ ఒత్తుకూ నడుమ సన్నటి సందు ఏర్పడింది. మాష్టారు ఆ బుడ్డ జోలికి పోలేదు.

ఆ రాత్రే కంప్యూటర్లో ఒక్కో చుక్కనూ అలాగే తన చేత్తో సరిదిద్దింది. మర్నాడు పొద్దున్నే బోర్డు వెలిగింది. మేనేజరు రోడ్డు దాటి, అవతలి టీ బంకు దగ్గర నిలబడి, "ఆళ్లగడ్డ!" అని గట్టిగా చదివాడు. గబగబా వెనక్కి వచ్చాడు.

"భలే ఉంది! ఏం సాఫ్ట్‌వేర్ అండీ ఇది?"

ఆమె నోరు తెరిచేలోగా మాష్టారు అందుకున్నాడు.

"సుభాషిణి అంటారండీ."