చెయ్యి వెయ్యని మలుపు

ఇప్పుడు కాదు, మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, మబ్బులు గడప తొక్కి పోయేంత ఎత్తున ఒక కొండ ఊరు ఉండేదట. పేరు గువ్వలదుర్గం. ఊఁ కొడుతూ వినండి. మీ ఊఁ ఆగితే నా నోరూ ఆగుతుంది.

ఆ ఊరు కట్టించిన రాజు మహా అనుమానం మనిషి. శత్రువులు కోటలోకి జొరబడినా దారి తెలియక తిరిగి తిరిగి సొమ్మసిల్లాలని సందులన్నీ మెలికలు తిప్పి కట్టించాడు. కాలం గడిచింది. రాజు పోయాడు, శత్రువులూ పోయారు. సందులు మాత్రం మిగిలాయి. వాటితో పాటు ఊరివాళ్ళకు ఒక పాడు సరదా మిగిలింది.

ఏం సరదా? కొత్తవాళ్ళెవరైనా దారి అడిగితే తప్పు దారి చెప్పడం. పాపం ఆ మనిషి ఊరంతా చుట్టి, చెమటలు కక్కుతూ మళ్ళీ అక్కడికే వస్తే, అరుగుల మీద వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వడం. సాయంత్రం బురుజు దగ్గర చేరి, నేనిలా తిప్పానంటే నేనిలా తిప్పానని గొప్పలు పోవడం. ఎవరి కోసం వచ్చావని మాత్రం ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు. అడిగితే ఇక నవ్వెలా వస్తుంది?

ఆ ఊళ్ళో ఓబులక్క అని సున్నం అమ్ముకునే మనిషి ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. మూడు సందులు కలిసే మలుపులో సున్నపు కుండ ముందు పెట్టుకుని కూర్చునేది. తాంబూలానికైనా, గోడలకైనా సున్నం కావాలంటే అందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. తీసుకుని పోయేవాళ్ళు. కూర్చోమన్నవాళ్ళు లేరు, పలకరించినవాళ్ళు లేరు, నవ్వులో కలుపుకున్నవాళ్ళు అసలే లేరు. ఎదురరుగు మీద పెద్దింటి బసమ్మ, ఆమె చుట్టూ చేరిన ఆడవాళ్ళు పకపకలాడుతుంటే ఓబులక్క తల వంచుకుని సున్నం కలుపుకునేది. ఒక్కసారి నాతో కలిసి నవ్వితే వీళ్ళ సొమ్మేం పోతుంది అనుకునేది.

ఒకనాడు ఎండ మండిపోయే వేళ ఒక ముసలమ్మ కొండెక్కి వచ్చింది. చంకలో చిన్న మూట. కాళ్ళు వణుకుతున్నాయి, ఊపిరి అందడం లేదు.

కోట వాకిట్లో కావలివాణ్ణి అడిగింది. "నాయనా, ఎగువ వీధికి దారేది?"

"ఇట్ల కుడిపక్కకి పో అవ్వా." తప్పు దారి.

తిరిగి తిరిగి గానుగ దగ్గర తేలింది. గానుగాయన్ని అడిగింది. "నాయనా, ఎగువ వీధికి దారేది?"

"ఆ మెట్లు దిగి పో అవ్వా." తప్పు దారి.

తిరిగి తిరిగి ఓబులక్క మలుపు దగ్గరికి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. "అమ్మా, ఎగువ వీధికి దారేది?"

ఎగువ వీధి ఎక్కడో లేదు. ఓబులక్క వెనక సందు తిరిగితే అదే. కానీ ఎదురరుగు మీంచి బసమ్మ చూస్తోంది. ఏం చెబుతుందోనని ఆడవాళ్ళంతా మెడలు సాచి చూస్తున్నారు. ఓబులక్క చెయ్యి చాపింది, దిగువకు.

"అట్ల పో అవ్వా. ఏనుగుల కొట్టం దాటినాక అడుగు."

"నీ కడుపు చల్లగుండ, తల్లీ" అని దీవించి ముసలమ్మ అటే పోయింది.

అరుగంతా ఘొల్లుమంది. "అబ్బ ఓబులక్కా, నీకూ వచ్చునే!" అంది బసమ్మ. దగ్గరికి పిలిచి ఆకూ వక్కా చేతిలో పెట్టింది. ఓబులక్క కూడా నవ్వింది. ఆ పూట ఆమెకు పండగలా ఉంది.

పొద్దు వాలే వేళకు ఎగువ వీధిలోంచి ఏడుపు వినిపించింది. అందరితో పాటు ఓబులక్కా పరుగెత్తింది. ఒక ఇంటి కోడలు పురిట్లో పోయింది. నెలలు నిండకముందే నొప్పులొచ్చాయట. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు.

"మాయమ్మ వచ్చిందా, మాయమ్మ వచ్చిందా అని గుమ్మం దిక్కే చూసింది" అని మంత్రసాని కళ్ళొత్తుకుంది. "మూడోసారి అడిగి కన్ను మూసింది."

అప్పుడు సందు మలుపు తిరిగి ముసలమ్మ వచ్చింది. కూతుర్ని ఇచ్చాక ఆమె ఆ కొండెక్కడం అదే మొదలు. మూట జారి విచ్చుకుంది. అందులో కూతురికి పురిట్లో పెట్టే కాయం మందు, బిడ్డను చుట్టడానికి ఒక మెత్తని పాతచీర.

ఓబులక్క వెనక్కి వెనక్కి జరిగి, ఇంటికి పోయి తలుపేసుకుంది. నోట్లో ఇంకా బసమ్మ ఇచ్చిన ఆకు రుచి ఉంది. ఊసింది. నీళ్ళు పోసి పుక్కిలించింది. పోలేదు. కడుపు చల్లగుండ అన్న మాట చెవిలోంచి పోలేదు. సిగ్గుతో ఆమె తన చెయ్యి తాను చూసుకోలేకపోయింది.

కర్మలు ముగిశాక ముసలమ్మ పసిబిడ్డను పాతచీరలో చుట్టుకుని దిగి వచ్చింది. అదే మలుపులో, అదే గోడ పట్టుకుని నిలబడింది.

"అమ్మా, కిందికి దారేది?"

ఓబులక్క సున్నపు కుండ ఎత్తుకుంది. లేచింది. ముందు నడిచింది. వెనక ముసలమ్మ. కోట వాకిలి దాకా వచ్చారు. అక్కడ ఓబులక్క ముసలమ్మ కాళ్ళ మీద పడింది.

"అవ్వా, ఆ పొద్దు నీకు తప్పు దారి చెప్పింది నేనే."

"ఎరుకే తల్లీ."

"ఎరుకై కూడా నన్నే అడిగితివా?"

"ఇంకెవుర్ని అడుగుదు? దారి చెప్పినోళ్ళల్లో నాకు గుర్తుండేది నీ మొగమొకటే" అంది ముసలమ్మ. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. బిడ్డను సర్దుకుని కొండ దిగిపోయింది.

తిట్టి ఉంటే ఓబులక్క ఇంటికి పోయి ఏడ్చేదేమో. తిట్టలేదు కాబట్టి ఇంటికి పోలేకపోయింది. సున్నపు కుండ చంకన పెట్టుకుని, అరచెయ్యి ముంచి, కోట వాకిలి నుంచి ప్రతి మలుపులోనూ గోడ మీద అచ్చు వేసుకుంటూ పోయింది. వేళ్ళు ఎటు చూపితే దారి అటు. సున్నం కొరికి చెయ్యి పుండయింది. అయినా వేసింది.

ఊరు మండిపడింది. మా సరదా చెడగొడుతుందా ఈ సున్నాలది అని గోడలు కడిగేశారు. మళ్ళీ వేసింది. మళ్ళీ కడిగారు. మూడోసారి వేసి, నేరుగా బురుజు దగ్గరికి పోయి అందరి మధ్యా నిలబడింది.

"కడగండి. కడిగే ముందర ఒక మాట వినండి. వెనక సందులో కూతురు అమ్మ అమ్మ అని కొట్టుకుంటా ఉంటే, ఆ అమ్మను నేను దిగువకు పంపినా. మీరు నాతో నవ్వుతారని పంపినా."

కావలివాడు తల దించుకున్నాడు. గానుగాయన తల దించుకున్నాడు. బసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత గోడలు ఎవరూ కడగలేదు.

అన్ని మలుపుల్లోనూ చేతులు వేసింది కానీ తన మలుపులో మాత్రం వెయ్యలేదు. ఇక్కడ ఎందుకు వెయ్యలేదని ఎవరైనా అడిగితే, "ఈడ సున్నం చాలదు, నేనే నడవాల" అనేది. కొత్తవాళ్ళు వస్తే లేచి, చెయ్యి పట్టుకుని ఎగువ వీధి దాకా దిగబెట్టేది. బతికినన్నాళ్ళూ అదే పని.

ఆమె పోయాక ఆ మలుపులోనూ ఒక చెయ్యి వేసేద్దామన్నారు. బసమ్మ సున్నంలో చెయ్యి ముంచింది, గోడ దాకా ఎత్తింది. వెయ్యలేకపోయింది. పెద్దింటి బసమ్మ, సున్నపు చేత్తోనే, ఓబులక్క కూర్చున్న చోట నేల మీద కూలబడింది. ఎవరు పిలిచినా లేవలేదు. కొత్త మనిషి వచ్చినప్పుడే లేచింది.

ఇప్పటికీ గువ్వలదుర్గం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారట. వెంట ఎవరూ అక్కర్లేదు. ఏటేటా వెల్ల వేసే తెల్లచేతులు చూసుకుంటూ కోట, బురుజు, ఏనుగుల కొట్టం ఎవరికి వాళ్ళే తిరగొచ్చు. ఒక్క మలుపులో మాత్రం చెయ్యి ఉండదు. అక్కడ వంతు ప్రకారం ఊరి మనిషొకరు కూర్చుని ఉంటారు. మిమ్మల్ని చూడగానే లేచి అడుగుతారు.

"ఎవురి కోసం వచ్చినావు తల్లీ?"

ఎవరి కోసమూ కాదు, ఊరికే చూసిపోదామని వచ్చానంటారు మీరు. అయినా సరే రమ్మంటారు. ముందు నడిచి, ఎగువ వీధిలో ఆ పురిటి ఇంటి గుమ్మం దాకా తీసుకుపోతారు. తల వంచుకుని వెనక్కి వచ్చేస్తారు.