తిరగడం ఆగేదాకా

వైదేహి గారి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు మొదటి వారంలోనే ఒక సంగతి గ్రహిస్తారు. ఎలా చెయ్యాలని అడిగితే ఆవిడ చేసి చూపిస్తారు. ఎందుకు చెయ్యాలని అడిగితే ఏ పుస్తకం చదవాలో చెబుతారు. ఎప్పుడు అని అడిగితే మాత్రం జవాబివ్వరు. ఓ కుర్చీ చూపించి కూర్చోమంటారు. విజయనగరంలో ఒక మందుల దుకాణం పై అంతస్తులో ఆవిడ ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. తలకు దెబ్బ తగిలి, గాయం మానినా తల తిరుగుడు వదలని పిల్లలను ఆ చుట్టుపక్కల డాక్టర్లు ఆవిడ దగ్గరికే పంపుతుంటారు.

ఆరు నెలల శిక్షణకు వచ్చిన షాహిదా అడిగింది ఆ ఎప్పుడనే ప్రశ్నే. తల తిరుగుతోందని పిల్ల చెప్పినప్పుడు ఎప్పుడు ఆపాలి మేడమ్, అంది.

అది పుస్తకంలోంచి పుట్టిన ప్రశ్న కాదు. షాహిదా చేతికి అప్పగించిన పిల్ల పేరు ఈశ్వరి. తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో ఖోఖో ఆడుతూ, స్తంభం పట్టుకుని గిర్రున మళ్లబోయి, చెయ్యి జారి దానికే తల కొట్టుకుంది. ఒకటి రెండు నిమిషాలు తెలివి లేదు. ఆసుపత్రిలో స్కాన్ తీసి లోపల రక్తస్రావం లేదన్నారు. మెదడు అదిరింది కనుక రెండు రోజులు విశ్రాంతిగా ఉంచి, తర్వాత మెల్లగా లేచి తిరగనివ్వమన్నారు. తల్లి నరసమ్మ ఆ మాటలో మొదటి సగమే చెవికెక్కించుకుంది. రెండు రోజుల విశ్రాంతి ఏడు వారాలైంది. జనపనార మిల్లులో పని మానేసి నరసమ్మ కూతురి మంచం పక్కనే కూర్చుంది. పిల్ల లేచేది, తల తిరుగుతోందనేది, తల్లి రెక్క పట్టుకుని పడుకోబెట్టేది. దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. చివరికి డాక్టరు మరోసారి క్షుణ్ణంగా చూసి, భయపడాల్సిందేమీ లేదని రూఢి చేసుకుని, వైదేహి గారికి చీటీ రాశారు.

మొదటి రోజు వైదేహి గారు పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, తల ఓ పక్కకు తిప్పి, కళ్లలోకి చూశారు. నల్లగుడ్లు అదురుతున్నాయి. దెబ్బకు చెవి లోపలి సన్నని రేణువులు చోటు తప్పాయని చెప్పి, తలను ఒక వరసలో తిప్పుతూ వాటిని స్వస్థానానికి చేర్చారు. పక్క మీద ఒత్తిగిలితే ఇల్లంతా తిరిగే బాధ దాంతో పోయింది. నడుస్తూ తల తిప్పితే తూలడం మాత్రం మిగిలింది. దానికి సాధన ఒక్కటే మందు. ఆ మందు పడుతున్నంతసేపూ కాస్త తల తిరగక తప్పదు.

ఆ సాధన చేయించడం షాహిదా వంతు. గోడ మీద అంటించిన అక్షరం మీద చూపు నిలిపి తల అటూ ఇటూ ఆడించాలి. వరండాలో కుడికీ ఎడమకీ చూస్తూ నడవాలి. మొదటి పూట షాహిదా ఉత్సాహం కొద్దీ చెప్పినదానికి రెండింతలు చేయించింది. పిల్ల వాంతి చేసుకుంది. నరసమ్మ పెద్దగా అరవలేదు. “బాగు చేస్తారని తెస్తే ఇంకా పాడు చేస్తారేటి తల్లీ?” అని మాత్రం అంది. వెంటనే డాక్టరుకు చూపించారు. కొత్తగా వచ్చిన ముప్పేమీ లేదన్నారాయన. అయినా ఆ మాట షాహిదాను పట్టుకుంది. మర్నాటి నుంచి ఈశ్వరి నోట ‘తిరుగు’ అన్న మాట సగం వచ్చేసరికే ఆపేసి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మూడో రోజుకు పిల్ల నాలుగడుగులు దాటలేదు. నాలుగో రోజు కుర్చీలోంచి లేవకముందే తిరుగుతోందంది. ఎక్కువ చేయించినా తప్పే, తక్కువ చేయించినా తప్పే అయినప్పుడు తను ఈ పనికి తగనేమో అని షాహిదాకు గట్టిగానే అనిపించింది. అప్పుడు వెళ్లి అడిగింది.

వైదేహి గారు అంతా విని, తలనొప్పి పెరిగిందా, మళ్లీ వాంతి అయిందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా, వేళ కాని వేళ మగతగా ఉంటోందా అని వాకబు చేశారు. ఏదీ లేదు. అప్పుడు వరండా నడిమధ్య గోడ వారగా ఓ కుర్చీ వేయించి, “కూర్చో. గడియారం చూస్తుండు. నేను చెప్పేదాకా లేవకు,” అన్నారు.

తర్వాత నరసమ్మను కిందికి వెళ్లి టీ తాగి రమ్మన్నారు. నరసమ్మ ససేమిరా అంది. ఏడు వారాలుగా పిల్లను విడిచి గడప దాటలేదంది. అందుకే వెళ్లమంటున్నానని, పిల్ల తన చేతికి అందేంత దూరంలోనే ఉంటుందని ఆవిడ నచ్చజెప్పారు. నరసమ్మ మెట్టుకోసారి వెనక్కి చూస్తూ దిగింది.

వైదేహి గారు ఈశ్వరితో వరండా చివరి కిటికీ దాకా నడిచి రమ్మన్నారు. తల తిరిగితే గోడకు చెయ్యి ఆనించి నిలబడాలి, కూర్చోకూడదు, తిరుగుడు పదికి ఎంతుందో షాహిదా అక్కకు చెబుతూ ఉండాలి. ఇంతే చెప్పి, చేతులు వెనక్కి కట్టుకుని పిల్ల వెనకే నడిచారు.

ఈశ్వరి రెండు అంది. రెండడుగులయ్యాక మళ్లీ రెండంది. ఆరో అడుగుకు మూడు. అంతలో కింద రోడ్డు మీద ఆటో ఒకటి గట్టిగా హారను కొట్టింది. పిల్ల చటుక్కున అటు చూసింది. ముఖం పాలిపోయింది. కుడిచెయ్యి గోడకు వెళ్లింది. ఎడమచెయ్యి షాహిదా వైపు చాచింది.

“ఆరు, అక్కా.”

షాహిదా సగం లేచింది. వైదేహి గారు తల అడ్డంగా ఆడించారు. మళ్లీ కూర్చుంది. తన జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ కూర్చోలేదు. పిల్ల ముఖం చూడలేక గడియారం ముల్లు చూసింది. చాచిన చెయ్యి గాలిలో కాసేపుండి, అదీ గోడకే చేరింది. పదిహేను సెకన్లు. ఇరవై. పిల్ల బుసలు కొట్టినట్టు ఊపిరి తీస్తోంది. వాంతి చేసుకుంటే ఏం చెయ్యాలి, పడిపోతే ఏం చెయ్యాలి అని షాహిదా లోలోపలే వరస వేసుకుంది. నలభై సెకన్లకు ఈశ్వరి ఇంకా ఆరే అంది. నిమిషం దాటాక ఐదంది. తర్వాత నాలుగు. ఆ తర్వాత అంకె చెప్పడం మరిచిపోయింది.

ఇప్పుడెంత అని షాహిదానే అడగాల్సి వచ్చింది.

పిల్ల గోడ మీది చేతులు ఒక్కొక్కటే తీసింది. కాళ్ల వైపు చూసుకుంది. “ఆగిపోయింది అక్కా. ఎవరూ ఏటీ చెయ్యలేదు. అదే ఆగిపోయింది,” అంది.

ఆ తర్వాత కిటికీ దాకా వెళ్లి, దారిలో మరో రెండుసార్లు గోడ పట్టుకుని, తిరిగి వచ్చింది. అప్పటికి నరసమ్మ టీ తాగకుండానే పైకొచ్చి మెట్ల మీద నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ముందుకు మాత్రం రాలేదు.

ఈశ్వరి నెల తిరక్కుండా బడికి వెళ్లింది, మొదట ఒక్కపూటే. నరసమ్మ మిల్లుకు వెళ్లింది. ఖోఖోకు డాక్టరు మరో రెండు నెలలకు గాని ఒప్పుకోలేదు. అదంతా తర్వాతి మాట. ఆ రోజు సాయంత్రం నిమిషాలూ అంకెలూ కాగితం మీద రాస్తూ షాహిదా మళ్లీ మొదటికే వచ్చింది. ఆరు దగ్గర ఆపకపోతే ఎనిమిది దగ్గర ఆపాలా, అసలు ఆపనే కూడదా?

రెండు మూడు నిమిషాల్లో దిగకపోతే ఆపు, మర్నాడు సగమే చేయించు, అది నువ్వు చదివిందేగా అన్నారు వైదేహి గారు. గది తాళం తీసుకుని మెట్ల దాకా వెళ్లి ఆగారు.

“తిరుగుడు మొదలవడం ఆ పిల్ల ఏడు వారాలుగా చూస్తూనే ఉందమ్మా. ఆగడం ఇవాళే చూసింది. నువ్వు కూడా.”