వెండేటి కట్ట, రాజుగారి దట్టీ

ఒకానొక కాలంలో వెండేరు అనే ఏటి ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ప్రతాపమల్లుడు యుద్ధానికి వెళ్లిన దాఖలా లేదు గానీ, ఆయన బిరుదులన్నీ చదివేసరికి వందిమాగధులకు ఆయాసం వచ్చేది. వాటిలో ఆయన మరీ మురిసిపోయే బిరుదు ‘తరంగిణీ విజేత’. నీళ్ల అంచునే వెండేటి పొడవునా పెద్ద కట్ట పోయించినందుకు తనకు తానే ఇచ్చుకున్న బిరుదు అది.

కట్ట రాకముందు ఏటికీ ఊళ్లకూ నడుమ విశాలమైన పల్లపు నేల ఉండేది. వానాకాలంలో పొంగు అక్కడ పరుచుకుని, మెల్లగా తీసేది. తుంగ, చేపలు, కొంగలు, ఒండ్రు మీద దోసపాదులు, అన్నీ ఆ పల్లంలోనే. కట్ట వచ్చాక పల్లం ఎండిపోయింది. చోటు చాలని ఏరు ఏటా ఎక్కడో ఒకచోట కట్ట తెంచుకుని ఒక్కసారిగా ఊళ్ల మీద పడేది. రాజుగారు ఏటా దాన్ని ఇంకాస్త ఎత్తు చేయించేవారు. ఎత్తు పెరిగిన కొద్దీ, తెగినప్పుడు దెబ్బ కూడా పెరిగేది. ఈ సంగతి ఆస్థానంలో అందరికీ తెలుసు. చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు.

ఒకనాడు ఏటొడ్డుపాలెం నుంచి పైడమ్మ అనే చేపలమ్మే ఆవిడ సభకు వచ్చింది.

“బాబుగోరూ, ఇంకొన్ని నెలల్లో మళ్లీ వానలొచ్చేస్తాయి. కిందటేడు కట్ట తెగి మా ఇళ్లలోకి నడుం లోతు నీరొచ్చేసింది. పొయ్యిలు మునిగిపోయి పిల్లలకి గంజి కాసిచ్చే దిక్కు లేకపోనాది. ఆ కట్టని మా ఊరి అంచుదాకా ఎనక్కి జరిపించండి బాబూ. సోటిస్తే ఏరు దాని దారిన అది పోతాది,” అంది.

రాజు మీసం దువ్వాడు. “వెనక్కా? మా వంశంలో ఆ మాట లేదు. నాలుగు రోజుల పొంగు కోసం అంత నేలను ఏటికి వదిలేయమంటావా? కట్టను ఇంకా ఎత్తు చేయిస్తాం. రేపటి నుంచి మీ పాలెం వాళ్లంతా మట్టి మోయండి.”

పైడమ్మ కళ్లు తుడుచుకుంటూ బయటికి నడిచింది. అది చూసి అప్పలభట్టుకు ఒళ్లు మండింది. అతను ఆస్థానంలో నవ్వించడానికి పెట్టుకున్న మనిషి. నవ్వించడంతో పాటు గుచ్చడం కూడా అతనికి అలవాటే.

“పట్టాభిషేకం విందు దగ్గర్లోనే ఉంది. అప్పటిదాకా ఓపిక పట్టమ్మా,” అన్నాడు ఆమె వెనకే వెళ్లి. “మట్టి మాత్రం మెల్లగా మొయ్యండి.”

ఏటా రాజు పట్టాభిషేకం జరిగిన రోజున చేసే ఆ విందుకు ఒక ఆచారం ఉంది. రాజు తాతల నాటి పట్టు దట్టీని నడుముకు బిగించుకుని విస్తరి ముందు కూర్చోవాలి. లేచేదాకా దాన్ని విప్పకూడదు, విప్పితే ఓటమి ఒప్పుకున్నట్టు. దట్టీ కట్టే హక్కు అప్పలభట్టు వంశానిది. విందును తలుచుకుని రాజు ముందురోజే పస్తు మొదలుపెట్టేవాడు. అందుకని అప్పలభట్టు ఏటా, రాబోయే పొట్టకు చోటు వదిలి వదులుగా ముడి వేసేవాడు. ఆ ఏడు మాత్రం, వీపుకంటుకున్న పొట్ట మీదే మోకాలు ఆనించి మరీ బిగించాడు.

“ఈసారి బిగువు బాగుంది,” అని రాజు అద్దంలో చూసుకుని సంతోషించాడు.

పులిహోర, బూరెల దాకా బాగానే సాగింది. పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం వచ్చేసరికి రాజుకు చెమటలు పట్టాయి. నెయ్యి వేసుకున్న ముద్ద గొంతు దిగనంది.

“అప్పలభట్టూ,” అన్నాడు రాజు నెమ్మదిగా, “ఈ దట్టీ సంగతి కాస్త చూడు. పొట్ట ఉబ్బుతోంది.”

“చిత్తం ప్రభూ,” అని అప్పలభట్టు రెండో దట్టీ తెచ్చి, మొదటిదాని మీదే చుట్టి గట్టిగా ముడి వేశాడు.

రాజు కళ్లు తేలేశాడు. “ఏమిటిది?”

“పొట్ట ఉబ్బుతోందన్నారు కదా, కట్టు పెంచాను. ఇంకా ఉబ్బితే మూడోది కూడా సిద్ధంగా ఉంది.”

“మూర్ఖుడా, వదులు చెయ్యి.”

“తగ్గడమా ప్రభూ? మీ వంశంలో ఆ మాట లేదు కదా. అయినా సాయంత్రానికి ఈ పొట్ట మామూలైపోతుంది. ఒక్క పూట భోజనానికి అంత చోటు వదలమంటారా?”

“సాయంత్రం మాట సాయంత్రం. ఇప్పుడు లోపలికి వెళ్లింది ఎక్కడ ఉండాలి, నా నెత్తి మీదా? చోటివ్వకపోతే పగిలిపోతాను.”

పంక్తిలో కూర్చున్నవాళ్లు ముద్దలు చేతిలోనే పట్టుకుని ఇటు తిరిగారు. అప్పలభట్టు చేతులు జోడించాడు.

“వెండేరు ఏటా మొత్తుకునేది ఈ మాటే ప్రభూ. దానికీ ఏడాదికి ఒక్కటే విందు. మీరు దాని డొక్కల మీద దట్టీ బిగించి, అది తెగిన ప్రతిసారీ ఇంకోటి చుడుతున్నారు. పగిలేది పాలెం వాళ్ల ఇళ్ల మీద. ఇంత మాట అన్నందుకు నా తల తీయించండి, లేదా నా చేత ఈ ముడి తీయించండి. పాయసం ఇంకా వడ్డించలేదు, అది కూడా ఆలోచించుకోండి.”

రాజు అతని వంక కోపంగా చూశాడు. తర్వాత పాయసం గంగాళం వంక చూశాడు. ఉన్నట్టుండి నవ్వు వచ్చింది, కానీ దట్టీల కింద అది సగంలోనే ఆగి దగ్గయింది.

“విప్పు. ముందు నవ్వడానికైనా చోటియ్యి.”

“మరి కట్ట?”

“అదీ జరుపుదాం. ఊళ్ల అంచు దాకా.”

ముసలి మంత్రి గొంతు సవరించుకున్నాడు. “ప్రభూ, దట్టీ విప్పితే ఓటమి అంటారేమో.”

“ఓడితే ఓడాం. పాయసం తెమ్మనండి,” అన్నాడు రాజు. ముడులు వీడగానే విస్తరి కదిలిపోయేలా పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కడియం తీసి అప్పలభట్టుకు తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

“మట్టి మోసేవాళ్లకు కూలి,” అన్నాడు అప్పలభట్టు.

వడ్లు కూలిగా అందాయి. దూరం జరిగిన కట్టకు అంత ఎత్తూ అక్కర్లేకపోయింది, వానలకు ముందే పని ముగిసింది. పాత కట్టకు గండ్లు కొట్టారు. ఆ ఏడు వెండేరు గండ్లలోంచి వచ్చి పల్లమంతా పరుచుకుంది. తుంగ మళ్లీ మొలిచింది, కొంగలు దిగాయి. నిండు పొంగు రోజున రాజు కొత్త కట్ట మీద నిలబడి పాలెం వైపు చూశాడు. పైడమ్మ ఇంటితో సహా, ప్రతి కప్పు మీంచీ పొయ్యి పొగ లేస్తోంది.